గడ్డం తాత చుక్కల పుస్తకం

ఫిబ్రవరి 4

అక్కా,

నీ నడుము ఎలా ఉంది, బావ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అని మొదలుపెట్టి ఒక పేజీ నింపాలనే కూర్చున్నాను. ఓపిక లేదు. ఈ రోజు ఆరు బృందాలను గుహలోకి తీసుకెళ్ళి తీసుకొచ్చాను. రెండు వందల పన్నెండు మెట్లు ఆరుసార్లు దిగి, ఆరుసార్లు ఎక్కాను. "చేత్తో తాకకండి బాబూ, ఈ రాయి వేలెడు పెరగడానికి వెయ్యేళ్ళు పడుతుంది" అని ఆరుసార్లు మొత్తుకున్నాను. ఆరుసార్లూ ఎవడో ఒకడు తాకాడు. కాబట్టి క్షేమ సమాచారాలు నువ్వే ఊహించుకో. ఫోన్ చేద్దామంటే ఈ కొండ మీద సిగ్నల్ గాలివాటం. దొరికినా రెండో నిమిషానికల్లా మనిద్దరం అరుచుకుంటాం. ఉత్తరమైతే కనీసం నన్ను పూర్తిగా చెప్పనిస్తావు.

విషయం గడ్డం తాతది. నువ్వు గుహలోకి దిగింది జన్మలో రెండుసార్లు, అదీ గబ్బిలాలకు జడిసి కళ్ళు మూసుకుని. అందుకని చెప్తున్నాను. మూడో గదిలో పైకప్పు నుంచి ముసలాయన గడ్డంలా ఒక రాయి వేలాడుతుంది. దాని కొస నుంచి నీటిచుక్కలు పడుతుంటాయి. రోజూ తలుపులు తీయకముందే నాన్న అక్కడికి దిగి, ఎదురుగా బండ మీద కూర్చుని, ఆ చుక్కలు లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాడు కదా. 'నూటికి యాభై', 'నూటికి యాభై ఒకటి' అని. ఆయన ముప్ఫై ఏళ్ళు రాశాడు. ఆయన తర్వాత ఈ పంతొమ్మిదేళ్ళూ నేను రాస్తున్నాను. ఆ పుస్తకాలు ఏనాటికైనా ఎవడికైనా పనికొస్తాయని కలలో కూడా అనుకోలేదు.

ఎనిమిదేళ్ళ కిందట కొండ నెత్తిన హోటల్ కట్టారు, రెండు బోర్లు వేశారు. అప్పటి నుంచి తాత చుక్కలు తగ్గిపోతున్నాయి. యాభై కాస్తా నలభై అయ్యింది, ముప్ఫై అయ్యింది, ఇవాళ పంతొమ్మిది. ఇదివరకు గోడలు అప్పుడే తలంటు పోసుకున్నట్టు ఉండేవి. ఇప్పుడు వేలు పెట్టి గీస్తే సుద్ద రాలుతోంది. ఇది చాలదని వాళ్ళకు ఈతకొలను కావాలట, ఇంకో నాలుగు బోర్లు కావాలట. ఏప్రిల్ పన్నెండున సర్కారు కమిటీ కూర్చుని తేలుస్తుంది. నాలుగు బోర్లూ పడితే గుహ పని అయిపోయినట్టే. నీళ్ళు లేని గుహ అంటే ఉత్త కన్నమే కదా.

దీన్ని పరిశీలించడానికి కమిటీవాళ్ళు రాళ్ళ శాస్త్రం చదివిన ఒక అమ్మాయిని పంపారు. మేమంతా రాళ్ళమ్మాయి అంటాం. టికెట్ల గది వెనక గదిలో ఉంటోంది. పుస్తకాలు చూపిస్తే ఎగిరి గంతేసింది. రెండో రోజుకి మొహం మాడ్చుకుంది. నాన్న ఆఖరి ఆరేళ్ళ లెక్క చూసింది మరి. యాభై నుంచి నలభై, ముప్ఫై రెండు, చివరికి ఇరవై ఐదు. అప్పటికి హోటలూ లేదు, బోర్లూ లేవు. సరిగ్గా నేను పుస్తకం అందుకున్న రోజున మళ్ళీ యాభై! హోటల్ వకీలు ఇది పట్టుకున్నాడు. "చూశారా, ఈ గుహ ఎండుతుంది, దానంతట అదే మళ్ళీ ఊరుతుంది, దాని స్వభావమే అంత. లేదంటే కొడుకు అంకెలు కల్పించాడు. రెంటిలో ఏదైనా మాకు సమ్మతమే" అంటున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రాళ్ళమ్మాయి ఒక దారి చెప్పింది. ఆ ఆరేళ్ళూ పెద్దాయనకు చూపు ఆనలేదని, చుక్కలు తప్పిపోయాయని ఇంట్లోవాళ్ళు రాసిస్తే ఆ పేజీలు పక్కన పెట్టొచ్చట. నువ్వు కూతురివి, పైగా నర్సువి. నీ మాటకు విలువుంటుంది. నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి పంపు. చచ్చినవాడి కళ్ళకు ఇప్పుడు వచ్చే నష్టం ఏముంది?

నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

తమ్ముడు


ఫిబ్రవరి 15

ఒరేయ్,

నీ ఉత్తరం వార్డులో, మందుల బల్ల పక్కన నిలబడి చదివాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనని భయం. మా వార్డులో ముప్ఫై మంచాలకు నలభై నాలుగు మంది ఉన్నారు. ఇంకో పద్నాలుగు నెలలు లాగితే రిటైరవుతాను. బావ మోకాళ్ళు ఆయన నోటికంటే నయంగా ఉన్నాయి.

నువ్వు అడిగింది రాయను.

నాన్న చూపు ఆఖరి రోజు దాకా డేగ చూపురా. చావడానికి వారం ముందు నా చీర అంచుకు ఊడిన దారప్పోగు మంచం మీద నుంచి చూసి చెప్పాడు. ఆయనకు కళ్ళు ఆనలేదని నేను రాయాలా? నర్సు సంతకం అంటే నీ గుహలో చెప్పే కథ అనుకున్నావా, పైకప్పుకున్న మసి పశువుల కాపరుల పొయ్యిదైతే, జనం మురుస్తారని రాజుగారి వంటశాల అని చెప్పడానికి? ఆ మసి గురించి కూడా నాన్న ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నువ్వొచ్చాకే గుహలోకి రాజుగారొచ్చాడు.

ఆయన ఇరవై ఐదు అని రాశాడంటే ఇరవై ఐదు చుక్కలే పడ్డాయి. నాకంతే తెలుసు. నీ యాభై సంగతి నువ్వే చూసుకో.

అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

"నీ యాభై సంగతి నువ్వే చూసుకో." బాగుంది. వకీలు అనాల్సిన మాట తోడబుట్టినది అంటే ఇంకా బాగుంది.

నా యాభై నిజం. ఆ రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. పన్నెండేళ్ళు తిప్పిన బస్సు తాళాలు డిపోలో ఇచ్చేసి వచ్చాను. తెల్లారగానే పుస్తకం పట్టుకుని దిగాను. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ యాభై. గుహకు నేను నచ్చాననుకున్నాను, పిచ్చివెధవని. మెట్లన్నీ పరుగున ఎక్కి ఇంటికొచ్చి నాన్న మంచం దగ్గర చెప్పాను. 'భేష్' అంటాడని ఎదురుచూశాను. ఆయన నా వంక కాసేపు చూసి, "అయితే దానికేం కాలేదన్నమాట" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే. నా చేతికి గుహ వచ్చిన రోజున నాకు దక్కిన దీవెన అది. పంతొమ్మిదేళ్ళుగా ఆ మాట గొంతులో ముల్లులా ఉంది.

డేగ చూపంటావు. సరే. నువ్వు నర్సువి కదా, ఆయన పక్క గదిలోనే కదా ఉన్నావు, కింద క్లినిక్కులోనే కదా పని! జబ్బు చేసి నాలుగు నెలల్లో మనిషి పోతుంటే నీకెందుకు ముందుగా తెలియలేదు? తెలిసుంటే ఆ మెట్లు ఎందుకు దిగనిచ్చావు? ఆయన్ను చూసుకోవడం చేతకానిదానివి, ఆయన కళ్ళను మాత్రం బాగా చూశావు.

రాళ్ళమ్మాయి గడువు పెట్టింది. మార్చి నెలాఖరులోగా కాగితం చేరాలి. నువ్వు పంపకపోతే నేనే రాసి సంతకం పెడతాను. గుహ ఉండాలా, నాన్న మాట ఉండాలా అంటే, గుహే ఉండాలని నాన్న కూడా అంటాడు.

తమ్ముడు


మార్చి 6

దీనితో పాటు పార్సిల్లో ఒక పుస్తకం పంపుతున్నాను. నా ట్రంకుపెట్టె అడుగున పంతొమ్మిదేళ్ళు పడుంది. చూసుకో. చూసుకున్నాక, నేను ఆయన్ను చూడలేదని ఇంకోసారి రాయి. రాయగలిగితే.

అక్క


మార్చి 14

అక్కా,

పుస్తకం అందింది. కాగితం పంపమంటే పుస్తకం పంపావు. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాను. ఆదివారాల తేదీలు, ఒక్కో తేదీ ఎదురుగా ఒక అంకె. పదహారు, పదహారు, పదిహేడు... నెలకోసారి డాక్టరు పొడి సంతకం, క్లినిక్కు ముద్ర. ఏమిటిది, ఆయన మింగిన మాత్రల లెక్కా? మందులు బాగానే మింగించావని నేను ఒప్పుకోవాలా? ఒప్పుకున్నాను. ఇక్కడితో ఆపేద్దాం.

నాకు నీతో పోట్లాడే శక్తి కూడా లేదు. నిన్న పచ్చ పాచి కడిగాం. కరెంటు దీపాలు పెట్టిన చోటల్లా రాయి మీద పాచి పడుతుంది. బ్రష్షుతో మెల్లగా, పసిపిల్లల పళ్ళు తోమినట్టు తోమాలి. ఎనిమిది గంటలు మోకాళ్ళ మీద కూర్చున్నాను. జనానికి కనపడాలని దీపాలు పెట్టాం, ఆ దీపాలే రాయిని తింటున్నాయి. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

కాగితం నేనే రాశాను. 'మా నాన్నగారికి చివరి ఆరేళ్ళు చూపు మందగించినందున' అని మొదలుపెట్టాను. చేతిరాత బాగుండాలని మూడుసార్లు తిరగరాశాను. సంతకం ఇంకా పెట్టలేదు. ముప్ఫయ్యో తేదీన పెట్టి రాళ్ళమ్మాయి చేతికిస్తాను.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

మాత్రల లెక్క కాదురా మొద్దూ. అది ఊపిరి.

నీకు చెప్పకూడదని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. "వాడు యాభై మంది ప్రాణాలు వెనకేసుకుని ఘాట్ రోడ్డు మీద బస్సు తిప్పుతాడు, వాడికి దిగులు పెట్టకు" అన్నాడు. ఆయనకు జబ్బు నాలుగు నెలల నాటిది కాదు, ఆరేళ్ళ నాటిది. ఆ రెండు వందల పన్నెండు మెట్లూ ఎవరు చెక్కారనుకున్నావు? వయసులో ఉన్నప్పుడు మూతికి గుడ్డయినా కట్టుకోకుండా లోపల కూర్చుని చెక్కాడు. ఆ రాతి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము ఎత్తి చూపించాడు. మందు లేదన్నాడు, మెట్లు మానెయ్యమన్నాడు. నాన్న వింటాడా? నేను ఏడ్చాను, తిట్టాను, ఒకరోజు ఆయన చెప్పులు దాచేశాను. వట్టికాళ్ళతో వెళ్ళాడు.

ఇంక నా చేతిలో మిగిలింది లెక్కపెట్టడమే. వారం వారం ఊపిరి ఎంతో రాసి తెమ్మన్నాడు డాక్టరు. కానీ నీ ఊపిరి లెక్కపెడుతున్నాను అని చెప్తే ఏ మనిషికైనా ఊపిరి మారిపోతుంది, కావాలని నిదానంగా పీలుస్తాడు. అందుకని మాకు ట్రైనింగులో ఒక దొంగపని నేర్పుతారు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఛాతీ మీద పెట్టాలి. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన పేపరు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అదే చేశాను. "ఏమే, ఇంతసేపు పట్టుకున్నావు, నా నాడి చెడిందా, నీ గడియారం చెడిందా" అని ఎగతాళి చేసేవాడు. మొదటి పేజీలో నిమిషానికి పదహారు. ఆఖరి పేజీలో ముప్ఫై రెండు. మధ్యలో ఆరేళ్ళు ఉన్నాయి. ఆదివారం ఒక్కటి కూడా తప్పలేదు.

నేను చూడలేదన్నావు కదా. నేను చూసింది అదేరా. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏమీ చెయ్యలేక చూశాను. ఆయన పోయాక ఆ ఇంట్లో ఒక్క ఆదివారం కూడా ఉండలేకపోయాను. అందుకే బదిలీ పెట్టించుకున్నాను. నువ్వేమో అక్క ఊరు వదిలి పారిపోయిందన్నావు. అవును, పారిపోయాను.

సంతకం నీ ఇష్టం. నాకూ పోట్లాడే ఓపిక అయిపోయింది.

అక్క


మార్చి 27

అక్కా, అక్కా,

నీ ఉత్తరం టికెట్ల కిటికీ దగ్గర నిలబడి చదివాను. బయట జనం "ఏమయ్యా, టికెట్లిస్తావా లేదా" అని అరుస్తున్నారు. నేను కిటికీ మూసేశాను. ఈ ఉద్యోగంలో మొదటిసారి కిటికీ మూశాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. పుస్తకంలో 'నూటికి' అని ఉంటుంది కదా, దేనికి నూరు అని నువ్వు ఎప్పుడూ అడగలేదు. రాళ్ళమ్మాయి అడిగింది. "మనసులో నూరు అంకెలు ఎంచుతాం" అన్నాను. "మరీ ఇంత నెమ్మదిగానా" అంది. "మాది నిదానం కుటుంబం" అన్నాను. అబద్ధం. అంత చదువుకున్న పిల్ల ముందు అసలు సంగతి చెప్పడానికి నామోషీ వేసింది.

నూరు ఊపిరులకు అక్కా. నాన్న పని మొదలుపెట్టిన రోజుల్లో ఆయనకు గడియారం లేదు. తర్వాత కొన్నవి ఆ చెమ్మకు నెలలో చచ్చేవి. అందుకని బండ మీద కూర్చుని, మెట్లు దిగిన ఆయాసం కుదుటపడేదాకా ఆగి, నూరు ఊపిరులు పీల్చి వదిలే లోపల ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టేవాడు. కుడిచేతి వేళ్ళ మీద ఊపిరి, ఎడమచేతి వేళ్ళ మీద చుక్కలు. నాకూ అలాగే నేర్పాడు. "ఎవరికీ చెప్పకు, నవ్వుతారు" అన్నాడు.

ఇప్పుడు అర్థమైందా? ఊపిరి తొందరపడితే నూరు తొందరగా అయిపోతాయి. ఆ లోపల పడే చుక్కలు తక్కువే కదా!

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఒకే తేదీలు. నీది పదహారున్న వారం ఆయనది యాభై. నీది ఇరవై ఉన్న వారం ఆయనది నలభై. నీది ఇరవై ఐదైతే ఆయనది ముప్ఫై రెండు. నీ ముప్ఫై రెండుకు ఆయనది ఇరవై ఐదు. గుణించి చూడు. ఏ వారమైనా ఎనిమిది వందలే, అటో ఇటో పదీ ఇరవై. రాళ్ళమ్మాయిని పిలిచి నిజం చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. పెన్సిలు పట్టుకుని మూడు వందల పైచిలుకు ఆదివారాలు గుణించింది. చివరికి పెన్సిలు కింద పెట్టి, "తాతగారి ఆరేళ్ళలో ఒక్క చుక్క కూడా తగ్గలేదండీ, నిమిషానికి ఎనిమిదే" అంది.  అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

గుహ ఎండలేదక్కా. ఎండింది మన నాన్న. ఆ ఆరేళ్ళలో రెండు నెలలకోసారి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పుస్తకం తిరగేసి, "తాత నీరసపడుతున్నాడే" అని ఆయనతోనే అన్నాను. ఆయన పక్కనే కూర్చుని ఆయాసపడుతూనే ఉన్నాడు. నా చూపు పుస్తకం మీదే ఉంది. చూపు ఆనలేదని రాసిన కాగితం నామీద రాసుకోవాల్సింది.

కాగితం చించేశాను. నీ పుస్తకం కమిటీకి కావాలట. అది నీదేనని, లెక్క నీ చేత్తో రాసిందేనని ఒక కాగితం ఇస్తావా? ఈసారి అడుగుతున్నాను, ఆజ్ఞాపించడం లేదు. నీ గురించి రాసిన ఆ మాటలు... కిందటి నెల ఉత్తరం తిరిగి పంపెయ్, పొయ్యిలో పెడతాను.

తమ్ముడు


ఏప్రిల్ 3

తమ్ముడూ,

కాగితం జతచేశాను. నా రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, మా సూపరింటెండెంటు ముద్ర అన్నీ ఉన్నాయి. డాక్టరుగారు ఇంకా ఉన్నారు. తొంభైకి దగ్గరపడ్డారు, ఆ పొడి సంతకాలు తనవేనని ఆయన కూడా రాసిచ్చారు. "మీ నాన్న ఆ మెట్లు మానాడా" అని అడిగారు. పోయి పంతొమ్మిదేళ్ళయిందని చెప్పాను. "అయితే మాన్పించగలిగావన్నమాట" అన్నారు.

నీ ఉత్తరం పంపను. నువ్వు తిట్టినవీ నా దగ్గర ఉండాల్సినవే. ఉండనీ.

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. ఎనిమిదో నంబరు మంచం పిలుస్తోంది. ఆ రోజు గొంతు పెంచకుండా మాట్లాడు. నీకు కోపమొస్తే బస్సు హారన్ మోగినట్టే ఉంటుంది.

అక్క


ఏప్రిల్ 30

అక్కా,

అయిపోయింది. పన్నెండున కూర్చోవాల్సినవాళ్ళు పద్దెనిమిదిన కూర్చున్నారు, రాతపూర్వకంగా చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది. కొత్త బోర్లు నాలుగూ లేవు. పాత రెండూ రెండు వానాకాలాలు మూసిపెట్టి, తాత సంగతి చూసి అప్పుడు తేలుస్తారట. గెలుపనలేను. ఊపిరి తీసుకోవడానికి సందు దొరికిందనుకుందాం.

ఊపిరితో కొలిచామని చెప్పినప్పుడు గది గదంతా నవ్వింది. నాన్న సరిగ్గానే చెప్పాడు. నేను గొంతు పెంచలేదు, నీ మీద ఒట్టు. వకీలు లేచి, "అయితే కొడుకుగారి ఊపిరి కూడా ముసలిదై ఉండొచ్చుగా" అన్నాడు. వాడి తెలివికి దండం పెట్టాలి. రాళ్ళమ్మాయి నన్ను అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి, నాడి చూస్తానని మణికట్టు పట్టుకుంది. నీ ఉత్తరం చదివింది మరి. పదహారు. ఈ పంతొమ్మిది చుక్కలకు నా ఊపిరి కారణం కాదని తేలింది. గడియారంతో చూసినా నిమిషానికి మూడే. అప్పుడు నీ పుస్తకం తెరిచింది. ఒక పేజీ, ఇంకో పేజీ. నవ్వులు ఆగిపోయాయి. ఛైర్మన్ ఆఖరి పేజీ దగ్గర ఆగి, "ఈమె ఆయనకేమవుతుంది" అని అడిగాడు. కూతురని చెప్పాను.

కాగితం రాకముందే, నోటిమాట మీదే బోర్లు మూసి పది రోజులైంది. ఇవాళ కూడా పంతొమ్మిదే. నీళ్ళు కొండలోంచి దిగిరావడానికి నెలలు పడుతుందట. నేను చూస్తానో, నా తర్వాతవాడు చూస్తాడో.

అంతా బాగానే ఉంది కానీ ఒక్కటి నన్ను తినేస్తోందక్కా. ఆ ఆరేళ్ళూ నాన్న రోజూ దిగి, తగ్గిపోతున్న అంకెలే రాశాడు. తను చెక్కిన మెట్లు, తను కాపాడిన గుహ, కళ్ళముందే ఎండిపోతోందనుకునే కదా రాశాడు. ఆ దిగులుతోనే పోయాడు. మనం పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా తెలుసుకుని ఏం లాభం? ఈ మాట ఆయనకు చెప్పే దారి లేదు.

తమ్ముడు


మే 9

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి సెలవు పెట్టాను. మూడేళ్ళలో మొదటి సెలవు. బావ కంగారుపడి నాకే నాడి చూశాడు.

నువ్వు మొదటి రోజు యాభై అని చెప్పి, నాన్న గోడవైపు తిరిగాడని అలిగి బయటికి వెళ్ళిపోయావు గుర్తుందా? నేను గదిలోనే ఉన్నాను. ఆ తర్వాత జరిగింది నాకు ఇన్నేళ్ళూ అర్థం కాలేదు. జ్వరంలో ఏదో కలవరిస్తున్నాడనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు.

నువ్వు వెళ్ళగానే ఇటు తిరిగాడు. నాకు మణికట్టు చాపాడు. ఆ రోజు ఆదివారం కూడా కాదు. "చూడు" అన్నాడు. నాడి చూడబోతే, "అది కాదే, నువ్వు ఎప్పుడూ చూసే రెండోది" అన్నాడు. ఆరేళ్ళూ ఆయనకు తెలుసురా. నా దొంగపని ఆయనకు తెలిసే, పేపరు అడ్డం పెట్టుకుని ఊపిరి మామూలుగా వదిలేవాడు.

"బాగున్న మనిషికి నిమిషానికి ఎన్నుండాలి?" అని అడిగాడు.

"పదహారు నాన్నా" అన్నాను.

"నాకెన్ని?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ముప్ఫై రెండు" అన్నాను.

"రెట్టింపు" అన్నాడు. "నాకు ఇరవై ఐదు, వాడికి యాభై. సరిపోయింది." మళ్ళీ, "దానికేం కాలేదే. అయింది నాకు" అని నవ్వాడు. ఆయాసంతో దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. మంచినీళ్ళు తాగించాను. "వాడికి చెప్పకు, గుహకు తనే నచ్చాననుకుంటున్నాడు, అనుకోనీ" అన్నాడు.

ఆ పూట తొలిసారి దిండు ఎత్తు పెట్టకుండా పడుకున్నాడు.

ఆ ఒట్టు కూడా ఇవాళ్టితో తప్పాను. తప్పినా ఫరవాలేదనిపిస్తోంది. ఆయన దిగులుతో పోలేదురా. ఆ నాలుగు నెలలూ నిశ్చింతగానే ఉన్నాడు. గొంతులో ఉన్న ఆ ముల్లు ఇక తీసేసుకో.

వచ్చే నెల పది రోజులు వస్తాను. గబ్బిలాలున్నా సరే, మూడో గదికి దిగుతాను. నాన్న కూర్చున్న బండ మీద మనిద్దరం కూర్చుందాం. చుక్కలు నువ్వు లెక్కపెట్టు. ఊపిరి నేను లెక్కపెడతాను.

అక్క